వంకర యిల్లు



ఇంగ్లండు దేశపు పల్లెలలో "పబ్బు" అని పిలువబడు పానశాల కేవలము మద్యము త్రాగు చోటు కాదు. సాయంకాలమున ఊరివారు కలిసికొని మంచిచెడ్డలు ముచ్చటించుకొను తావు కూడ నదియే. అట్టి వానిలో స్టాఫర్డ్‌షైరు మండలమున, హిమ్లీ గ్రామ సమీపమున నుండిన "క్రూకెడ్ హౌస్", అనగా వంకర యిల్లు, మిక్కిలి విచిత్రమైనది.

ఈ యిటుకల యిల్లు 1765లో రైతు నివాసముగా నిర్మింపబడినది. పిమ్మట ఆ ప్రాంతమున నేలక్రింద గనులు త్రవ్విరి. అడుగు డొల్లయగుటచే భూమి క్రుంగి, యింటి యొక ప్రక్క రెండవదానికంటె సుమారు 4 అడుగులు దిగిపోయెను. 1830 ప్రాంతమున నది పానశాలయైనది. 1940 తరువాతి సంవత్సరములలో అపాయకరమని దానిని కూల్చదలచిరి. కాని యొక మద్యవ్యాపార సంస్థ ఊతగోడలు కట్టించి, ఇనుప దూలములు వేయించి, వంకర పోకుండగనే దానిని నిలిపినది.

లోపల బల్లమీద గోళీ నుంచినచో, అది పల్లమునుండి మెరకకు దొర్లినట్లు తోచెడిది. గోళీ పోవునది పల్లమునకే. చుట్టునున్న గోడలు, కిటికీలు, ద్వారబంధములు అన్నియు వాలియుండుటచే మోసపోవునది మన కన్ను.

2023 ఆగస్టు 5వ తేదీ రాత్రి ఆ యింటికి నిప్పంటుకొనెను. 7వ తేదీన యంత్రముతో దానిని నేలమట్టము చేసిరి. పై అంతస్తులో కొంతభాగము తీయుటకే తాము సమ్మతించితిమనియు, అంతయు కూల్చుటకు సెలవీయలేదనియు స్థానిక పరిపాలక సభవారు ప్రకటించిరి. ఇంత పేరుగన్న కట్టడము జాతీయ సంరక్షణపు జాబితాలో నప్పటికి చేరియుండలేదు! 2024 ఫిబ్రవరిలో, అగ్నిప్రమాదమునకు పూర్వమున్నట్లే మూడేండ్లలో తిరిగి కట్టవలెనని సభవా రాజ్ఞాపత్ర మిచ్చిరి.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యన నిదియే గదా! నిట్టనిలువు గోడను ఏ మేస్త్రీయైనను కట్టగలడు. భూమియే క్రుంగి చేసిన వంకరను మరల తెచ్చుట యెట్లు? ఉన్న చిత్రములు, కొలతలు, మిగిలిన యిటుకలు మాత్రమే అందుకు ఆధారము.

కావున ఊరి పెద్దలు గమనింపవలసిన దొకటి కలదు. కట్టడము స్వంతదారునిదే కావచ్చును. దాని జ్ఞాపకము ఊరందరిది. అది నిలిచియుండగనే కొలతలు వ్రాయించి, చిత్రములు తీయించి, చట్టపు రక్షణ కోరుట మేలు. కూలిన పిదప ఎంత కఠినమైన యాజ్ఞయైనను పాత గోడను లేపజాలదు. క్రొత్తగోడను మాత్రమే కట్టింపగలదు.