ఉప్పు వేసే చెయ్యి



సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో ఆదివారం ఇళ్ళన్నీ ఫుట్‌బాల్ గోలతో నిండిపోతాయి. మనమెరిగిన కాలిబంతి కాదు సుమండీ! కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టి పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకి 11 మంది. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడి చేతికి ముందు బంతి వస్తుంది. ఎవరికందించాలో, ఎటు విసరాలో రెండు మూడు క్షణాల్లో అతనే తేల్చుకోవాలి. పెళ్ళివంటలో ఎన్ని చేతులున్నా ఉప్పు వేసే చెయ్యి ఒక్కటే ఉండాలి గదా, అలాంటి స్థానమది. అందుకే సమర్థులు ఇద్దరుంటే అభిమానులకు నిద్రపట్టదు.

2001లో బోస్టన్ ప్రాంతం వారికి ఈ చిక్కే వచ్చింది. అక్కడి పేట్రియట్స్ జట్టుకి డ్రూ బ్లెడ్సో 1993 నుంచి క్వార్టర్‌బ్యాక్. ఆ మార్చిలోనే పదేళ్ళకి 10 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం కూడా కుదిరింది. సెప్టెంబరు 23న ఆటలో గట్టి దెబ్బ తగిలి, ఛాతీలో రక్తనాళం తెగి ఆస్పత్రి పాలయ్యాడు. అతని చోట 24 ఏళ్ళ టామ్ బ్రేడీ దిగాడు. అంతకుముందు ఏడాది కొత్త ఆటగాళ్ళ ఎంపికలో 199వ వాడుగా వచ్చిన కుర్రాడు! జట్టు గెలవసాగింది. నవంబరులో బ్లెడ్సో కోలుకుని వచ్చినా, శిక్షకుడు బిల్ బెలిచిక్ బ్రేడీనే ఉంచాడు.

ఇక చూడండి వాదన! "దెబ్బ తిని మంచమెక్కినవాడి పీట లాగేస్తారా?" అని కొందరు. "బాగా సాగుతున్న చేతిని మారుస్తారా?" అని కొందరు. రెండూ న్యాయమే. పురిటికి వెళ్ళిన కోడలు తిరిగొచ్చేసరికి బీరువా తాళాలు తోడికోడలి కొంగుకి ఉంటే ఆమెకెలా ఉంటుందో మనకి తెలియనిదా?

బ్లెడ్సో నొచ్చుకోలేదని కాదు. కాని ఆ కుర్రాడికి సాయపడుతూనే వచ్చాడు. 2002 జనవరి 27న ఫైనలుకి ముందరి ఆటలో బ్రేడీకి చీలమండ బెణికింది. బెంచీ మీది బ్లెడ్సో లేచి వచ్చి, బంతి విసిరి టచ్‌డౌన్ చేయించాడు. జట్టు 24-17తో గెలిచింది. వారం తర్వాత ఫైనల్లో మళ్ళీ బ్రేడీయే ఆడాడు. 20-17తో కప్పు వచ్చింది. ఆ ఏప్రిల్‌లో బ్లెడ్సోని బఫెలో జట్టుకి పంపేశారు. బ్రేడీ ఆ జట్టుకే మొత్తం ఆరు కప్పులు తెచ్చాడు.

ఎంపిక సరైనదేనని ఇప్పుడెవరైనా అంటారు. కాని మధ్యలో ఆ ఒక్క ఆట నిలబెట్టిన చెయ్యి ఎవరిది?

ఇంట్లోనూ అంతే. తాళాలు చేతులు మారక తప్పదు. మార్చేటప్పుడు పెద్దలు కారణం ఎదురుగా చెప్పాలి, చాటున కాదు. పక్కకి తప్పుకున్నవారిని గోడకి ఆనించిన చాపలా మరచిపోకూడదు. బోస్టన్ వారు మరవలేదు లెండి. 2011లో అభిమానులే ఓటు వేసి, తమ జట్టు గౌరవ మందిరంలో బ్లెడ్సోకి చోటిచ్చారు.

మన ఇళ్ళలో ఆ ఓటు వేయాల్సింది మనమే. ఏమంటారు? సెలవు.