పేరులేని ముద్ర

తపాలా కవరు విలువ లోపలి ఉత్తరములో మాత్రమే యుండదు. పైనున్న ముద్రయు చరిత్రయే. ఇందులకు నిదర్శనముగా అమెరికా విధ్వంసక నౌక ‘వార్డు’ కథను నేడు మనవిచేయుచున్నాము.

1918లో కాలిఫోర్నియాయందలి మేర్ ఐలండున, పని యారంభించిన 17 దినములకే ఈ నౌక జలప్రవేశము చేసెను. 1941 డిసెంబరు 7న, పెర్ల్ హార్బరుపై విమానదాడికి గంటకు పైగా ముందే, నౌకాధిపతి ఔటర్‌బ్రిడ్జి ఆజ్ఞపై జపాను చిఱు జలాంతర్గామి నొకదానిని ముంచెను. ఆయన పంపిన వార్తకు పై యధికారులు వెంటనే కదలలేదు. ఆ జలాంతర్గామి సాగరగర్భమున కనబడినది 2002లో!

సరిగా మూడేండ్లకు, 1944 డిసెంబరు 7న, ఫిలిప్పీన్సులోని ఓర్మాక్ అఖాతమున ఆత్మాహుతి విమానము తాకి వార్డు మంటలపాలయ్యెను. దానిని ఫిరంగులతో ముంచవలసివచ్చిన ఓబ్రయన్ నౌకకు అధిపతి ఆ ఔటర్‌బ్రిడ్జియే!

యుద్ధమునకు ముందు నావికుల కవర్లపై ముద్రలో ఓడ పేరుండెడిది. యుద్ధకాలమున శత్రువునకు జాడ తెలియకుండ దానిని తొలగించిరి. 1942 నుండి స్టాంపు చోట ‘ఫ్రీ’ యను చేవ్రాతయు, ప్రక్కన సెన్సారు ముద్రయు కానవచ్చును. ఏ యోడదో తెలియుటకు పంపినవాని చిరునామాయే యాధారము.

కావున పాత కవరునుండి స్టాంపు కత్తిరించుటకు ముందు ఒక్క క్షణ మాగుదము. కత్తెర కోయునది కాగితమునే కాదు.