పొగమంచులో ఓడల నడక

నడిసముద్రమున రెండు యంత్రనౌకలు ఎదురుపడినచో, ఒకదానినొకటి చూచుకొని, రెండును కుడివైపునకు తొలగి సాగిపోవును. త్రోవలు అడ్డముగా కలిసినప్పుడు, రెండవదానిని తన కుడివైపున చూచిన నౌకయే దారి ఈయవలెను. కాని పొగమంచు క్రమ్మి చూపు ఆననప్పుడు ఈ మర్యాదలు చెల్లవు. అప్పుడు ఏ ఓడకును ముందు పోవు హక్కు లేదు. జాగ్రత్తపడవలసిన బాధ్యత రెండింటిదియు.

1972లో కుదిరి, 1977 నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమములను చూతము. మంచులో ఓడ పరిస్థితికి తగిన వేగముతోనే నడువవలెను. కన్ను పనిచేయనిచోట చెవియే దిక్కు గనుక, నడచుచున్న యంత్రనౌక రెండు నిమిషములు మించకుండ ఒక్కొక్క దీర్ఘమైన కూత వేయవలెను. కదలక నీటిపై నిలిచియున్నచో రెండేసి కూతలు. తెరచాప ఓడయు, చేపలు పట్టు ఓడయు ఒక దీర్ఘమైన కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వేయును. లంగరు వేసిన ఓడ నిమిషమునకొకమారు గంట మ్రోగించును. ముందుదిక్కున కూత వినబడినచో, ప్రమాదము లేదని తేలిననే తప్ప, చుక్కాని పనిచేయుటకు చాలునంతకు వేగము తగ్గించవలెను. అవసరమైనచో పూర్తిగా ఆగవలెను.

రాడార్ ఉండగా ఇంత జాగ్రత్త ఏల యని మనకు తోచవచ్చును. 1956 జూలై 25వ తేదీ రాత్రి అమెరికా తూర్పుతీరమున నాన్‌టకెట్ దీవికి దక్షిణముగా జరిగినదానిని తలచుకొందము. ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా న్యూయార్కునకు వచ్చుచుండెను. స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ అచ్చటినుండి వెడలుచుండెను. రెండింటను రాడార్ ఉండెను. రెండును ఒకదానినొకటి తెరపై కనుగొనెను. డోరియా మంచులోనే గంటకు సుమారు 22 నాటికల్ మైళ్ళ వేగముతో వచ్చుచుండెను. ఎదుటి ఓడ తమకు కుడివైపుగా పోవునని తలచి డోరియావారు ఎడమకు త్రిప్పిరి. ఎడమవైపుగా పోవునని తలచి స్టాక్‌హోమ్‌వారు కుడికి త్రిప్పిరి. స్టాక్‌హోమ్ అణియము డోరియా ప్రక్కను చీల్చుకొనిపోయెను. రెండు ఓడలలోను కలిపి 51 మంది మరణించిరి. డోరియా మరునాటి ఉదయము మునిగిపోయెను.

రాడార్ చుక్కను చూపినది. ఎదుటివారు ఏమి తలచుచున్నారో చూపలేదు. అందుచేతనే, అరకొర రాడార్ సమాచారముతో నిశ్చయమునకు రారాదని నేటి నియమము నొక్కి చెప్పుచున్నది. ముందున్న ఓడ రాడార్‌లో మాత్రమే కనిపించినప్పుడు, తాము దాటిపోవుచున్న ఓడ విషయమున తప్ప, వీలైనంతవరకు ఎడమకు తిరుగరాదనియు చెప్పుచున్నది.

మంచువలన ఓడ ఆలస్యమైనచో ప్రయాణికులమైన మనము విసుగుకొందుము. ఆ ఆలస్యము అలక్ష్యము కాదు. చీకటిలో రెండు నిమిషములకొకమారు వినవచ్చు ఆ కూత, కానరాని మరియొక ఓడలోనివారి ప్రాణములకును, మన ప్రాణములకును కాపు.