కండలో దాగిన తిత్తి
(సోలాపూరు తెలుగు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరపాలక కాగితాలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నవారికి ఒక చిన్న భేదం తరచు ఎదురవుతుంది. ‘లేదు’ అనేది ఒక మాట. ‘కనబడలేదు’ అనేది వేరొక మాట. మొదటిది వస్తువును గురించి చెబుతుంది, రెండవది చూసినవారి చూపును గురించి చెబుతుంది. మాంస పరీక్షలో వైద్యుడు నిజాయితీగా చెప్పగలిగినది ఎప్పుడూ రెండవ మాటే. ఈ రెండు మాటల నడుమ దూరం ఎంతో తెలుసుకోవడానికి అడవి జింకల కండలలో దాగే ఒక పరాన్నజీవి మంచి ఉదాహరణ. నేటి ప్రసంగ విషయం అదే.

1843లో స్విట్జర్లాండులో మీషర్ అనే శాస్త్రవేత్త ఎలుక కండలలో తెల్లని సన్నని గొట్టాల వంటివి చూశాడు. అవి ఏమిటో ఆనాడు ఎవరికీ తెలియదు. తరువాతి కాలంలో ఆ జీవికి ‘సార్కోసిస్టిస్’ అని పేరు వచ్చింది. గ్రీకు భాషలో మొదటి భాగానికి మాంసమని, రెండవ భాగానికి తిత్తి అని అర్థం. మగ్గం తెలిసిన మన కుటుంబాలకు దీనిని బోధపరచడం కష్టం కాదు. కండ అంటే పడుగు వలె పక్కపక్కన పరచిన పోగులు. ఒక పోగు లోపల ఈ తిత్తి పెరుగుతుంది. తిత్తి నిండా కంటికి ఆనని సూక్ష్మజీవులు వేల సంఖ్యలో ఉంటాయి. బయటినుండి చూస్తే గుడ్డ గుడ్డలాగే ఉంటుంది.

ఈ జీవి బ్రతుకు రెండు జంతువుల నడుమ సాగుతుంది. జింక వంటి శాకాహారి కండలో తిత్తి కడుతుంది. ఆ పచ్చిమాంసాన్ని నక్కో కుక్కో తింటే దాని ప్రేగులలో వృద్ధి చెంది, మలంతో బయటపడి, గడ్డిమీదికి, నీటిలోకి చేరుతుంది. ఆ గడ్డి మేసిన జంతువులోకి మళ్లీ ప్రవేశిస్తుంది. ఒక్క జంతువునే పరిశీలించినంత కాలం ఈ కథ సగమే కనబడింది. 1970ల ఆరంభంలో గాని రెండు జంతువుల చక్రం రుజువు కాలేదు. మీషర్ చూపుకూ ఆ రుజువుకూ మధ్య సుమారు 130 సంవత్సరాలు గడిచాయి.

అడవి జింకలలో ఈ జీవిని ఓపికగా వెతికిన దేశాలలో నార్వే ఒకటి. అక్కడ ఎర్రజింకను, ధ్రువపు జింకను, ‘మూస్’ అనే పెద్దజింకను చట్టబద్ధంగా వేటాడతారు గనుక పరిశోధకులకు కండ నమూనాలు లభిస్తాయి. ఇటువంటి పరీక్షలలో సగానికి మించిన జంతువులలో తిత్తులు బయటపడటం అరుదు కాదు. అయినా ఆ జింకలలో అధిక భాగం ఆరోగ్యంగానే తిరుగుతుంటాయి. నడకను బట్టి, మాంసపు రంగును బట్టి, వాసనను బట్టి వ్యాధిని ఊహించడం ఇక్కడ సాధ్యం కాదు.

మరి ఎలా వెతుకుతారు? మొదటిది కంటి చూపు. కొన్ని జాతుల తిత్తులు పెద్దవి. అడవి బాతుల రొమ్ము కండలో బియ్యపు గింజల వలె కనబడే జాతి కూడా ఉంది. జింకలలో మాత్రం చాలా తిత్తులు కంటికి ఆనవు. కంటి చూపుతోనే ఆగిపోతే ‘కనబడలేదు’ అన్న మాటకు విలువ బహు స్వల్పం.

రెండవది అద్దాల మధ్య నొక్కి చూడటం. గుండె, నాలుక, ఆహారనాళం, రొమ్మునూ పొట్టనూ వేరుచేసే ఉదరవితానం, ఈ భాగాల నుండి చిన్న ముక్కలు తీసి, రెండు గాజు పలకల మధ్య పలుచగా అదిమి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. ఇక్కడ దొరికిన తిత్తిని సూదితో విడదీసి, దాని గోడ నిర్మాణాన్ని చూడవచ్చు.

మూడవది కృత్రిమ జీర్ణం. మన కడుపులో జరిగే పనినే పాత్రలో జరిపిస్తారు. తరిగిన కండను పెప్సిన్‌తోను, ఆమ్లంతోను కలిపి వెచ్చగా ఉంచితే కండ కరిగిపోతుంది. పక్వమైన తిత్తులలోని సూక్ష్మజీవులు మిగిలి అడుగున చేరతాయి. ఒక చిన్న ముక్కకు బదులు ఎక్కువ కండను ఒకేసారి పరీక్షించగలగడం దీని మేలు. తిత్తి గోడ కూడా కరిగిపోతుంది కనుక అది ఏ జాతిదో చెప్పలేకపోవడం దీని లోపం. ఇంకా పక్వం కాని తిత్తులు కూడా ఈ పరీక్షకు చిక్కవు.

నాలుగవది జన్యు పరీక్ష. వేర్వేరు జింకలలో ఒకే రూపంలో ఉన్న తిత్తులు ఒకే జాతివా, వేర్వేరు జాతులవా అనే సందేహం కంటితో తీరదు. నార్వే పశువైద్య పరిశోధకుడు బ్యోర్న్ యెర్డే, ఆయన సహచరులు తిత్తులను ఒక్కొక్కటిగా వేరుచేసి వాటి జన్యువులను చదివారు. మూస్‌లోను ఎర్రజింకలోను ఉండే ఒక జాతికి ‘హ్యోర్టి’ అని పేరు పెట్టారు. నార్వే భాషలో ఎర్రజింక పేరు ‘హ్యోర్ట్’. ఆ జాతి నక్కల ప్రేగులలో వృద్ధి చెందుతుందని 2010లో వెల్లడించారు.

ఈ నాలుగు మెట్లలో ఏదీ దానికదే సంపూర్ణం కాదు. ఏ భాగాన్ని తీశారు, ఎంత కండను చూశారు, ఏ పద్ధతిలో చూశారు అనే మూడు ప్రశ్నలకు జవాబు ఉన్నప్పుడే ‘కనబడలేదు’ అన్న మాటకు బరువు వస్తుంది.

ఇది మనకు ఎందుకు అవసరం? మనిషి ప్రేగులలో పెరిగే సార్కోసిస్టిస్ జాతులు పశువుల మాంసం ద్వారా, పంది మాంసం ద్వారా వస్తాయి. జపానులో పచ్చి గుర్రపు మాంసం తిన్న కొద్ది గంటలలోనే వాంతులు, విరేచనాలు కలగడానికి ఈ కుటుంబపు జీవి ఒకటి కారణమని 2011లో అక్కడి ప్రభుత్వం గుర్తించింది. మైనస్ 20 డిగ్రీలలో 48 గంటలు గడ్డకట్టించడం అక్కడ సూచించిన జాగ్రత్త. మన వంటింట్లో అంతకంటె సులభమైన జాగ్రత్త ఉంది: లోపలి వరకు బాగా ఉడికించడం.

మన దేశంలో 2001 నాటి వధశాల నియమాల ప్రకారం పశువైద్యుడు ప్రతి జంతువును పరీక్షించాలి. గంటకు 12, రోజుకు 96 జంతువులను మించి చూడరాదు. చూపుకు కొంత వ్యవధి కావాలని చట్టమే ఒప్పుకున్నదన్నమాట. అడవి నుండి చాటుగా వచ్చిన మాంసానికి ఆ చూపు లేదు, ముద్ర లేదు, బాధ్యుడు లేడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం, దాని మాంసం అమ్మడం, కొనడం నేరం. మన ఊరికి దగ్గరనే నాన్నజ్ గడ్డిమైదానాలలో కృష్ణజింకలు మేస్తాయి, తోడేళ్లు తిరుగుతాయి. శాస్త్రరీత్యా కృష్ణజింక వేరు, ఏటేటా కొమ్ములు రాల్చే చుక్కల దుప్పి వేరు. మన వాడుకలో మాత్రం రెండూ జింకలే. ఒకటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మరొకటి తెలంగాణ రాష్ట్ర జంతువు. మన పూర్వుల ఊళ్లు గౌరవించిన ప్రాణి మన పళ్లెంలోకి రావడం తగదు.

చివరగా మూడు విన్నపాలు. ముద్ర ఉన్న దుకాణంలోనే మాంసం కొనండి. ముద్ర ఉన్నా బాగా ఉడికించండి. ‘అడవి సరుకు’ అని ఎవరు ఆశ చూపినా కొనవద్దు, చుట్టాలు తెచ్చినా వండవద్దు. పచ్చి వ్యర్థాలను, ప్రేగులను, కండ ముక్కలను వీధి కుక్కలకు వేయవద్దు. వాటిని చెత్త బండికే ఇవ్వండి. కుక్క నోటికి పచ్చిమాంసం అందకపోతే నేను చెప్పిన చక్రంలో ఒక ఆకు విరిగినట్లే. సూక్ష్మదర్శిని మన ఇళ్లలో లేకపోయినా ఈ పని మాత్రం మన చేతిలోనే ఉంది.