దూరం కాదు, వెలుగే లెక్క

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పొడవు 3,700 కిలోమీటర్లకు పైనే. కెమెరాతో ఆ దారిన బయల్దేరేవారు చాలామంది రోజుకు ఎంత దూరం వెళ్ళగలమనే ముందుగా లెక్క వేసుకుంటారు. ప్రకృతి దృశ్యాలే కావాలనుకునేవారు మాత్రం వెలుగును బట్టి ప్రయాణం కట్టుకోవాలి. పొద్దు వాలేటప్పుడు ఎండ గాలిపొరల్లోంచి ఎక్కువ దూరం వస్తుంది. నీలికాంతి చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. నీడలు సాగి కొండల మడతలు, రాళ్ళ గరుకుదనం స్పష్టమవుతాయి. నడినెత్తిన ఎండలో అదే కొండ చదునుగా కనిపిస్తుంది. అందుకే బండి నడపడానికి మధ్యాహ్నం, ఆగడానికి ఉదయం, సాయంత్రం.

ఇలా ఆగుతూ పోతే చూసేవి తగ్గిపోవా అంటారు. తగ్గుతాయి, కానీ దక్కేవి పెరుగుతాయి. అనంతపురం దగ్గర దారి మళ్ళి గండికోట చేరి, పెన్నానది కోసిన లోయ పక్కన రెండు రాత్రులు ఉంటే మొదటి పూట చోటు చూసుకోవచ్చు, రెండో పూట నిదానంగా ఫొటో తీయవచ్చు. మరి మబ్బు పడితే? మబ్బు వెలుగు మెత్తనిది. ఆదిలాబాద్ జిల్లాలోని కుంతాల జలపాతానికి అదే మేలు, ఎండలో నురగ తెల్లగా మాడిపోతుంది. కుంతాలకు వానాకాలం చివర, గండికోటకు చలికాలం అనువు. ఒక్క యాత్రలో అన్నీ ఇమడవు కాబట్టి ఋతువుకు తగ్గవే ఎంచుకోండి. బస దగ్గరలోనే చూసుకోండి. పొద్దు గుంకాక అలసిన కళ్ళతో బండి నడపడం ప్రాణాపాయం. ఏ చిత్రమూ ప్రాణం కన్నా విలువైనది కాదు.