రోడ్డు దాటడానికి ఇరవై అయిదు సెకండ్లు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పుకొనే నాచేత తెలుగులో ఉపన్యాసం ఇప్పించడం కార్యదర్శిగారి ధైర్యం. తప్పులుంటే మన్నించగలరు.

జూబ్లీ హిల్స్ అనగానే లోకానికి బంగళాలు, స్టూడియోలు, సినిమా తారల కార్లు కనిపిస్తాయి. మనకు కనిపించేది వేరు. ఆ బంగళాల్లో వంటచేసే మన ఆడవాళ్ళు, వాచ్‌మన్లు, రాత్రి షూటింగు ముగించుకొని కృష్ణానగర్‌కు నడిచిపోయే లైట్‌బాయ్‌లు. వీరంతా కాలినడక వారే. 1960 దశకంలో హౌసింగ్ సొసైటీ వారు రాళ్ళగుట్టల నడుమ ఇళ్ళకోసం వేసుకొన్న రోడ్ల మీదనే ఈనాడు హైటెక్ సిటీకి పోయే బండ్లన్నీ పరుగెత్తుతున్నాయి. 2020లో దుర్గం చెరువు తీగల వంతెన తెరిచాక 45వ నెంబరు రోడ్డున రాకపోకలు మరీ పెరిగాయి.

పోయిన చలికాలంలో మా మొహల్లా పెద్దాయన ఒకరు ఫజర్ నమాజుకు పోతూ నడిరోడ్డు మీద కారు తగిలి అల్లాహ్‌కు ప్రియమైనారు. జనాజాకు మీలో చాలామంది వచ్చారు. ఆ వేళకు సిగ్నల్‌లో పసుపు దీపం మాత్రం మిణుకుమిణుకుమంటున్నది. అంటే ఎవరికి వారే చూసుకొని పొమ్మని. స్తంభం మీది కెమెరా కారు నెంబరును పట్టుకొన్నది. మంచిదే. కాని కారును చూసిన ఆ కన్ను, ముసలాయన సగం రోడ్డులో ఉన్నాడని ఎందుకు చూడకూడదు? చూసి ఎర్ర దీపం ఎందుకు వెలిగించకూడదు?

మా ఏడో తరగతి పిల్లలచేత బోర్డు మీద ఒక లెక్క చేయించాను. నడిచే మనిషి సెకండుకు 1.2 మీటర్లు పోతాడని ఇంజనీర్లు లెక్క కడతారు. 20 మీటర్ల రోడ్డుకు 17 సెకండ్లు. మోకాళ్ళ నొప్పుల నానీమా 0.8 మీటర్లే నడుస్తుంది, ఆమెకు 25 సెకండ్లు. మిగిలిన ఆ 8 సెకండ్లలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 130 మీటర్లు దాటిపోతుంది. లెక్క చేసిన పిల్లవాడు సుద్దముక్క పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

దీనికి ఉపాయం లేకపోలేదు. జీబ్రా గీతలు బ్రిటన్‌లో 1951లో వచ్చాయి. 1969లో పెలికాన్ సిగ్నల్ పెట్టారు. నడిచేవాడు స్తంభానికున్న మీట నొక్కితే బండ్లకు ఎర్ర దీపం పడుతుంది. (పెలికాన్ అంటే కొంగ వంటి పక్షి. పాదచారుల దీపం అనే ఇంగ్లీషు మాటల్ని కుదించి ఆ పేరు చేశారు, పక్షికి దీనికి చుట్టరికం లేదు.) మన హైదరాబాదులోనూ 2023లో కొన్నిచోట్ల ఇవి అమర్చారు. ఆ తర్వాత బ్రిటన్‌లోనే పఫిన్ అనేది వచ్చింది. మనిషి ఇంకా రోడ్డు మీదనే ఉన్నాడని యంత్రమే కనిపెట్టి, అతడు దాటేవరకు బండ్లను ఆపి ఉంచుతుంది. కొత్త రోడ్డు అక్కరలేదు, వంతెన అక్కరలేదు. ఉన్న స్తంభం, ఉన్న కరెంటు తీగ, ఉన్న గీతలు చాలు. బండ్ల బారును చూసి పచ్చదీపాన్ని పొడిగించే సిగ్నళ్ళు మన నగరంలో ఇదివరకే ఉన్నాయి. బండిని చూసే యంత్రానికి మనిషిని చూడడం నేర్పలేమా?

చెక్‌పోస్ట్ దగ్గర 2019లో మెట్రో స్టేషను వచ్చింది కదా, మెట్లెక్కి అవతల దిగరాదా అని ఒక మిత్రుడన్నాడు. పగలైతే నిజమే. ఫజర్ వేళకు స్టేషను తెరవరు.

మన తప్పూ కొంత ఉన్నది. తల మీద టోపీ ఉంది కదా, హెల్మెట్ ఎందుకు మాస్టర్‌సాబ్ అని ముగ్గురెక్కిన కుర్రవాళ్ళు నన్నే అడుగుతారు! మీసాలు రాని పిల్లవాడికి బండి తాళం ఇచ్చేది మనమే. 2019 నాటి చట్ట సవరణ ప్రకారం అందుకు తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు కూడా ఉన్నాయి.

మసీదు ఎదుట, బడి ముందు, బస్తీ మలుపులో, ఈ మూడు చోట్ల మీట ఉన్న సిగ్నల్ పెట్టవలసిందిగా కోరుతూ ట్రాఫిక్ పోలీసు వారికి, మునిసిపాలిటీ వారికి విన్నపం వ్రాశాము. తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నది. రాత్రిపూట కూడా అవి పనిచేయాలని అడిగాము. కాగితం ద్వారం దగ్గరి బల్ల మీద ఉన్నది, ఆడవాళ్ళకు వేరే ప్రతి లోపలి గదిలో పెట్టాము. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. దయచేసి భోజనాలకు లేవకముందే ఆ పని కానివ్వండి, తర్వాత చేతులకు నూనె అంటుతుంది.