ఆగి ఆగి అయినా నడుద్దాం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

మిత్రులారా, ఇందాక నేను వేదిక మెట్ల మీద ఆగితే ఇద్దరు కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మీ అభిమానానికి కృతజ్ఞతలు. కానీ నేను అక్కడ ఆగింది లెక్క ప్రకారమే.

ఈ గ్రౌండులో 400 మీటర్లు పరుగెత్తినవాణ్ణి. తర్వాత 30 ఏళ్లు సిగరెట్లు కాల్చాను. ఫలితం సీఓపీడీ. సిగరెట్టు మానేశాను కానీ, ఆయాసానికి భయపడి రెండేళ్లు కుర్చీ వదల్లేదు. చివరికి స్నానానికి వెళ్లొచ్చినా రొప్పే స్థితి వచ్చింది.

అప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పారు: "ఊపిరితిత్తులు మునుపటిలా కావు. కానీ కూర్చునే ఉంటే కాళ్ల కండరాలు కూడా నీరసిస్తాయి, చిన్న పనికే ఆయాసం ఎక్కువవుతుంది. కాళ్లను బాగుచేసుకోవచ్చు." ఆరు నిమిషాల్లో ఎంత నడవగలనో కొలిస్తే 240 మీటర్లు. రెండు నెలల సాధన తర్వాత 300.

నేర్చుకున్నది ఇదీ: ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి, రెట్టింపు సేపు వదలడం. మెట్టెక్కేటప్పుడు, బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదలడం. మాట్లాడగలిగే వేగంతోనే నడవడం. జేబులో ఇన్‌హేలర్. పొగమంచు రోజుల్లో ఇంట్లోనే నడక. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి డాక్టర్ని కలవడం. మొదలుపెట్టే ముందూ డాక్టర్ని అడగండి.

ఆయాసం వస్తుందని సిగ్గుపడి ఈ సభకు రాని మనవాళ్లున్నారు. వాళ్లకు ఫోన్ చేయండి. రేపు ఎనిమిదింటికి ఈ గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు వేద్దాం. అందరికంటే వెనక నేనుంటాను, వాళ్లకు తోడుగా.